రెండోసారి అడిగితే

సెప్టెంబరు 12

ఇవాళ మా రూమ్మేటు గిన్నె నిండా సూపు కాచింది. నేను కాలేజీ నుంచి వచ్చి వంటింట్లో అడుగు పెట్టేసరికి ఒకటే ఘుమఘుమలు. "తాగుతావా?" అంది. "వద్దులే, ఇప్పుడే తిన్నాను" అన్నాను. తినలేదు. పొద్దుటి బ్రెడ్డు ముక్క తప్ప కడుపులో ఏమీ లేదు.

నేను అనుకున్నదేమిటంటే, అది "కొంచెం తాగు" అంటుంది, నేను "అబ్బే, వద్దు" అంటాను, అది గిన్నె నా ముందుకు తోస్తుంది, అప్పుడు నేను "సరే, ఇంతగా అంటున్నావు కాబట్టి" అని తాగుతాను. అది "సరే" అంది. మూత పెట్టింది. ఫ్రిజ్‌లో తన అరలో పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

వద్దంటే వద్దనే అనుకునే మనుషులుంటారని విన్నాను గానీ, కళ్ళారా చూడటం ఇదే. రెండు బిస్కెట్లు తిని ఇది రాస్తున్నాను.

సెప్టెంబరు 16

కాలేజీ పంపిన వర్క్‌షాపులో మొదటి రోజు. కృత్రిమ కాళ్ళు చేసే చోటంటే ఏదో ఆస్పత్రిలా తెల్లగా, నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఇది చూస్తే వడ్రంగి కొట్టులా ఉంది. ఒక మూల ఆకురాయి గీకుడు, ఇంకో మూల ఓవెన్‌లో ప్లాస్టిక్ రేకు కాలే వాసన, ఎక్కడ చెయ్యి వేసినా ప్లాస్టర్ దుమ్ము. గోడ పొడుగునా అరల్లో మనుషుల కాళ్ళ అచ్చులు. మధ్యాహ్నానికి నా జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. బాత్రూం అద్దంలో అచ్చం మా అమ్మమ్మ కనబడింది.

ఇక్కడికి పెద్ద ఒకావిడ. అందరూ ఆవిడని మొహం మీదే పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాదు. ఈ డైరీలో ఆవిడ పెద్దావిడే. పొట్టి మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని అది ఎక్కడుందా అని బల్లలన్నీ వెతుకుతుంది. ప్రశ్న వేస్తుంది, జవాబు వింటుంది, వెళ్ళిపోతుంది. ఆ వెళ్ళడం చూస్తే మనం ఏదో తప్పు చెప్పామేమో అనిపిస్తుంది.

నాతో పాటు మా క్లాసు నుంచి ఒకబ్బాయి కూడా వచ్చాడు, వాడికి నేను పెట్టుకున్న పేరు నిచ్చెన. గుమ్మం దాటాలంటే తల వంచాలి పాపం. పై అరలో వస్తువు కావాలంటే వర్క్‌షాపు మొత్తానికి వాడే దిక్కు. మంచివాడు.

వీళ్ళందరి మాటలూ తెలుగులోనే రాసుకుంటున్నాను. పెద్దావిడకి తెలుగు బాగా నప్పింది.

సెప్టెంబరు 21, ఆదివారం

పిన్నికి ఫోన్ చేశాను. అమ్మకి చెప్తే కంగారు పడుతుంది, పిన్నికి చెప్తే తిడుతుంది. తిట్లే నయం.

"అంటే ఏమిటే, పై ఏడాది క్లాసులుండవా?"

"ఉండవు పిన్నీ. ఏదో ఒక వర్క్‌షాపు నన్ను చేర్చుకోవాలి. ఏడాదంతా అక్కడే పని చేస్తూ డిగ్రీ పూర్తి చెయ్యాలి."

"చేర్చుకోకపోతే?"

"డిగ్రీ లేదు, వీసా లేదు. పెట్టె సర్దుకుని వచ్చెయ్యడమే."

"అంత పెద్ద ఊళ్ళో ఇంకెక్కడా లేవా?"

"అన్నీ నిండిపోయాయి. ఇక్కడ ఒక్క చోటు మిగిలింది. దానికి నేనూ, నిచ్చెనా ఉన్నాం."

"నిచ్చెనేమిటే?"

"మనిషే పిన్నీ."

పిన్ని ఆ సంగతి వదిలేసి, నాకు ధైర్యం చెప్పింది. నా పనితనం చూసి వాళ్ళే పిలిచి ఇస్తారట. మనంతట మనం నోరు తెరిచి అడక్కూడదట, చులకనైపోతామట. నాకూ అదే అనిపించింది. బాగా పని చేస్తే చాలు.

సెప్టెంబరు 27

కింద బట్టలుతికే మెషీన్ నా మేజోడు ఒకటి మింగేసింది. వారం వారం ఒకటి మింగుతోంది. కాళ్ళు చేసే దాన్ని, నా కాళ్ళకే జత లేదు.

అక్టోబరు 4

నా చేత్తో మొదటి అచ్చు చెక్కాను. మోకాలి కింద మిగిలిన కాలికి ప్లాస్టర్ పట్టీ చుట్టి, ఆరాక తీసి, అందులో ప్లాస్టర్ పోస్తే ఆ కాలు ఎలా ఉందో అలాగే అచ్చు వస్తుంది. అసలు పని ఆ తర్వాత. కండ ఉన్న చోట కొంచెం చెక్కాలి, అక్కడ బరువు ఆనినా ఓర్చుకుంటుంది. ఎముక తేలిన చోట చెక్కకూడదు సరికదా, పైన ఇంకొంచెం ప్లాస్టర్ అద్దాలి. అప్పుడు దాని మీద వేడి ప్లాస్టిక్ రేకు పరిచి చేసే తొడుగులో ఎముకకి చోటు మిగులుతుంది. కళ్ళతో చూస్తే తెలియదు. వేళ్ళతో తడుముతుంటే తెలుస్తుంది.

పెద్దావిడ వచ్చి బొటనవేలితో అచ్చంతా తడిమి, "ఊఁ" అని వెళ్ళిపోయింది. నిచ్చెన అన్నాడు, ఆవిడ అలా "ఊఁ" అనడం చాలా గొప్ప సంగతని. బస్సులో ఇంటికి వస్తూ ఆ "ఊఁ" ని ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఇంత ఇష్టంగా నేను ఏ పనీ చెయ్యలేదు.

అక్టోబరు 8

ఇవాళ డ్రైవరుగారికి కాలిచ్చాం. ఆయన ఈ ఊళ్ళో జీవితమంతా బస్సు నడిపారు. రిటైరయ్యే ముందు డిపోలో జరిగిన ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయింది. ఆ కాలు చేసింది నిచ్చెన, పెద్దావిడ దగ్గరుండి చేయించింది. నడక చూసే రెండు కమ్మీల మధ్య డ్రైవరుగారు ఇటూ అటూ నడిచారు.

"ఎలా ఉంది?" అంది పెద్దావిడ.

"బావుంది."

"ఎక్కడైనా నొప్పి?"

"అబ్బే, లేదు."

ఆవిడ రాసుకుని వెళ్ళిపోయింది. నిచ్చెన మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టుంది, వాడి మొదటి కాలు అది. డ్రైవరుగారు వాడి చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలారు. వెళ్ళేటప్పుడు నాతో అన్నారు, "నేను నడిపిన బస్సు ముందు తలుపులోంచి నా అంతట నేను ఎక్కాలమ్మా. ఇప్పుడు మధ్య తలుపు దగ్గర పలక దించి, చక్రాల కుర్చీతో సహా తోస్తున్నారు. సామాను ఎక్కించినట్టుంది." నవ్వుతూనే అన్నారు.

అక్టోబరు 15

ప్లాస్టర్ కలుపుతున్నాను. మోచేతుల దాకా ప్లాస్టరే. పెద్దావిడ వచ్చి నిలబడింది.

"వచ్చే ఏడాది ఇక్కడే ఉండాలని ఉందా నీకు?"

అదే ప్రశ్న. నెల్లాళ్ళుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. నా నోట్లోంచి వచ్చిన జవాబు ఇది: "అయ్యో, నాదేముందండీ, ముందు అతన్ని అడగండి. నాకు ఎక్కడైనా ఫర్వాలేదు."

"సరే" అంది పెద్దావిడ. వెళ్ళిపోయింది.

బకెట్‌లో ప్లాస్టర్ గట్టిపడిపోయింది. పారేసి మళ్ళీ కలిపాను. ఆవిడ మళ్ళీ అడుగుతుంది. ఇంత పెద్ద విషయం ఎవరైనా ఒక్కసారి అడిగి వదిలేస్తారా?

అక్టోబరు 16

అడగలేదు. బహుశా పనిలో ఉండి.

అక్టోబరు 17

ఆలోచిస్తే నాకసలు ఆ వర్క్‌షాపు అంత ఇష్టం లేదు. ఆ దుమ్ముకి దగ్గు వస్తోంది. రెండు బస్సులు మారాలి. పెద్దావిడ మంచిగా ఒక్క మాట మాట్లాడదు. మధ్యాహ్నం కూర్చుని తినడానికి సరైన కుర్చీ కూడా లేదు. నాకేం ఫర్వాలేదు.

అక్టోబరు 19, ఆదివారం

పిన్నికి చెప్పాను.

"ఎన్నిసార్లడిగింది?"

"ఒక్కసారే."

"ఒక్కసారా! ఒక్కసారి అడగ్గానే ఎవరే ఒప్పుకునేది, మొహం వాచినట్టు? ఏం మర్యాదే వాళ్ళది? ఇంటికొచ్చిన మనిషిని కాఫీ తాగుతావా అని ఒకసారి అడిగి ఊరుకుంటారా ఎక్కడైనా?"

ఇద్దరం కలిసి పెద్దావిడని చాలాసేపు ఆడిపోసుకున్నాం. ఫోన్ పెట్టేశాక గది మరీ ఖాళీగా అనిపించింది.

అక్టోబరు 24

మధ్యాహ్నం నిచ్చెన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నా నాకంటే ఎత్తే. పెద్దావిడ వాడిని అడిగిందట, వాడు "కావాలి" అన్నాడట. అంతే, అయిపోయిందట.

"నీకు అక్కర్లేదన్నావని చెప్పింది. నిజమేనా? నీకిక్కడ ఇష్టమనుకున్నాను" అన్నాడు.

"నిజమే. నాకేం ఫర్వాలేదు" అన్నాను.

వాడు నమ్మాడు. ఇక్కడ అందరూ ఎంత తొందరగా నమ్ముతారో.

అక్టోబరు 25

నాకేం ఫర్వాలేదు.

అక్టోబరు 30

చలి మొదలైంది. గదిలో హీటరు టిక్కుటిక్కుమంటుంది గానీ వేడెక్కదు. రూమ్మేటు తన గదిలో ఇంకో దుప్పటి ఉందని, కావాలా అని అడిగింది. వద్దన్నాను. కోటు వేసుకుని పడుకుంటున్నాను. నా అంత తెలివైనది ఈ ఊళ్ళో ఇంకొకతి ఉండదు.

నవంబరు 3

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

డ్రైవరుగారు చూపించుకోవడానికి వచ్చారు, చక్రాల కుర్చీలోనే. కాలు ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇంటికి తీసుకెళ్ళాక పెట్టుకోలేదట. పెద్దావిడ "నొప్పిగా ఉందా?" అంది. "లేదండీ, బావుంది, బద్ధకం" అన్నారు. పెద్దావిడ, నిచ్చెన పక్క గదిలోకి వెళ్ళారు. తలుపు సరిగా పడదు, మాటలన్నీ వినిపించాయి.

"కొంతమందికి మనసు ఒప్పదు. మనం చెయ్యగలిగింది చేశాం. ఇక కుర్చీకే రాసేద్దాం" అంటోంది పెద్దావిడ.

నన్ను ఆయనకి తోడుగా కూర్చోబెట్టారు. ఏం మాట్లాడాలో తోచక అడిగాను.

"కాఫీ తాగుతారా?"

"వద్దమ్మా. ఇప్పుడే ఇంట్లో తాగి వచ్చాను."

ఆయన ఊరికి ఆ చివర్నుంచి వచ్చారు, వచ్చి కూడా చాలాసేపయింది. ఆ మాట అంటూ కాఫీ మెషీన్ వైపు ఒకసారి చూసి, చటుక్కున కళ్ళు దించుకున్నారు. ఆ మాట నాదే. సూపు గిన్నె ముందు నిలబడి నేనన్న మాటే, అదే గొంతు.

"నేనెలాగూ పెట్టుకుంటున్నానండీ. ఇంకో కప్పుకి నాకు శ్రమేముంది?"

"నీకెందుకులే. నీ పని చూసుకో."

ఇక అడగలేదు. కప్పు తెచ్చి చేతిలో పెట్టాను. గబగబా తాగేశారు. ఖాళీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ నింపాను, ఈసారి వద్దనలేదు. ఇంత దూరం వచ్చి నాకొక చుట్టం దొరికినట్టయింది.

అప్పుడు తట్టింది. కాఫీకి మొదటి జవాబు అబద్ధమైతే, కాలికి?

"కాలు ఎలా ఉందండీ?"

"బావుందమ్మా. కుర్రాడు బాగా చేశాడు."

"నొప్పి లేదా?"

"లేదు, లేదు."

"సరే, అంతా బాగానే ఉంది. కానీ అంతటా ఒకేలా బావుండదు కదండీ. ఎక్కడ బాగా బావుంది, ఎక్కడ కొంచెం తక్కువ బావుంది?"

ఆయన నా మొహంలోకి చూసి నవ్వారు. దొంగ దొరికిపోయినప్పటి నవ్వు. మోకాలి కింద బయటి వైపు వేలు పెట్టారు. "ఇక్కడ తక్కువ."

"ఎంత తక్కువ?"

"రెండడుగులేస్తే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి."

మేజోడు దించి చూశాను. ఎముక తేలిన చోట చర్మం కమిలిపోయి, మధ్యలో చిన్న పుండు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది.

"ఆ రోజే చెప్పొచ్చు కదండీ!"

"ఎలా చెప్పనమ్మా? ఆ కుర్రాడు అంత సంబరపడుతున్నాడు. ఆవిడ కోసం బయట ఇంకా నలుగురు కాచుకుని ఉన్నారు. అడిగింది, బావుందన్నాను." కప్పు పక్కన పెట్టి, తనకి తానే చెప్పుకున్నట్టు అన్నారు. "మళ్ళీ అడిగితే చెబుదామనుకున్నాను."

నేను లేచి పక్క గదిలోకి పరుగెత్తాను. కుర్చీకి రాయొద్దని చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు, గట్టిగానే చెప్పి ఉంటాను. నిచ్చెన నా వైపు వింతగా చూశాడు.

నవంబరు 6

పుండు మానేదాకా కాలు పెట్టుకోకూడదు. ఈలోగా నేనూ, నిచ్చెనా పాత అచ్చు తీసి, ఎముక దగ్గర ఇంకా ప్లాస్టర్ అద్ది, కొత్త తొడుగు చేశాం. వాడు రెండు రోజులుగా ముభావంగా ఉన్నాడు. ఇవాళ ఉండబట్టలేక అడిగాడు.

"నేనూ అడిగాను కదా. లేదన్నాడు కదా."

"ఒక్కసారే అడిగావు."

"మరి ఎన్నిసార్లడగాలి?"

"మూడు."

"అని ఏ పుస్తకంలో ఉంది?"

"మా పిన్ని చెప్పింది."

వాడు నవ్వేశాడు. ప్లాస్టర్ చేత్తో తల గోక్కున్నాడు, వాడి జుట్టూ నెరిసింది. నాకు వాడి మీద కోపం లేదు. ఎప్పుడూ లేదేమో కూడా.

సాయంత్రం పెద్దావిడ నా బల్ల దగ్గర ఆగింది. "నీకెలా తెలిసింది?"

"మా వైపు, మొదటిసారి అడిగినప్పుడు ఎవరూ నిజం చెప్పరండీ. ఎదుటివాళ్ళకి శ్రమ అవుతుందని. ఆయన కూడా అలాంటివారే అనిపించింది."

"మరి నిజం ఎప్పుడు చెప్తారు?"

"మళ్ళీ అడిగితే."

"మరి ఎవరూ మళ్ళీ అడక్కపోతే?"

నేను బల్ల మీది ప్లాస్టర్ పొడి తుడవడం మొదలుపెట్టాను. ఆ రోజు నేనన్నదీ అలాంటిదేనండీ అని గొంతు దాకా వచ్చింది. ఇంతలో ఎవరో పిలిచారు, ఆవిడ వెళ్ళిపోయింది. మళ్ళీ నోరు మూసుకున్నాను. డ్రైవరుగారిని తిట్టిన నోరే.

నవంబరు 9, ఆదివారం

పిన్నికి డ్రైవరుగారి సంగతంతా చెప్పాను.

"రెండడుగులకే కళ్ళనీళ్ళొస్తుంటే బావుందన్నాడా? బుద్ధి లేదూ ఆయనకి?"

"మనకుందా పిన్నీ?"

పిన్ని మాట్లాడలేదు. పిన్ని మాట్లాడకుండా ఉండటం నా జన్మలో మొదటిసారి. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"ఒసేయ్."

"ఆఁ."

"ఆ చోటు నీకు కావాలా, వద్దా? నేనూ ఒక్కసారే అడుగుతాను. మళ్ళీ అడగను."

ఎక్కడైనా ఫర్వాలేదన్న మాట అలవాటుగా నాలిక చివరికి వచ్చేసింది. దుమ్ము, రెండు బస్సులు, కుర్చీ, అన్నీ వరసగా వచ్చాయి. ఆపుకున్నాను.

"కావాలి" అన్నాను. అన్నాక భోరున ఏడ్చాను. ఇన్ని రోజులుగా ఎంత కావాలనుకుంటున్నానో నాకే తెలియలేదు.

"మరి నాకెందుకే చెప్తావు? వెళ్ళి ఆవిడకి చెప్పు. చులకనైతే అయ్యావులే. అడక్కూడదని నేనే చెప్పాను, అది నా తప్పే. మర్యాదగా అడుగు, కానీ అడుగు."

ఏడుస్తూనే కూరగాయల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను సంచీ కావాలా అన్నాడు. అలవాటు చేసుకుందామని "కావాలి!" అన్నాను. మరీ గట్టిగా అన్నట్టున్నాను, రెండిచ్చాడు.

నవంబరు 10

పొద్దున్నే వెళ్ళాను. పెద్దావిడ ఒక్కతే ఉంది, కళ్ళజోడు వెతుక్కుంటోంది.

"నుదుటి మీద ఉందండీ" అన్నాను. ఆ ఊపులోనే మిగతాది కూడా అనేశాను. "ఆ రోజు మీరడిగితే ఎక్కడైనా ఫర్వాలేదన్నాను. అబద్ధం. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది."

ఆవిడ కళ్ళజోడు దించుకుని నన్ను చూసింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు మళ్ళీ అడుగుతారనుకున్నాను."

ఆవిడ బల్ల మీద కాగితాలు సర్దింది. తర్వాత చెప్పింది. నిచ్చెన పేరు పోయిన వారమే కాలేజీకి పంపేసిందట. అతనికి మాటిచ్చిందట, వెనక్కి తీసుకోలేదట.

"తీసుకోవద్దండీ" అన్నాను. ఈ మాట మొహమాటానికి అన్నది కాదు. నిచ్చెనకి ఆ చోటు రావాల్సిందే.

బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి సాయంత్రం దాకా అచ్చులు చెక్కాను. బాగా చెక్కాను.

నవంబరు 11

చోటు లేదు. జనవరికి ఇంటికి వెళ్ళిపోవాలేమో. అయినా ఇవాళ ఏమిటో ఆకలి బాగా వేసింది. రూమ్మేటుని దుప్పటి ఇస్తావా అని అడిగాను. "నీకు చలి వెయ్యదనుకున్నాను" అని అప్పటికప్పుడు తెచ్చిచ్చింది. మా వైపు మొదటి వద్దు లెక్కలోకి రాదని, ఆ రోజు సూపు సంగతితో సహా చెప్పేశాను, పడీ పడీ నవ్వింది. ఊదా రంగు దుప్పటి, వెచ్చగా ఉంది.

నవంబరు 15

కాలేజీలో ఇంకెక్కడైనా ఖాళీలున్నాయేమో అని అడిగాను. లేవన్నారు. మళ్ళీ అడిగాను. నిజంగానే లేవు. కొన్నిసార్లు మొదటి జవాబే నిజం.

నవంబరు 21

పుండు మానింది. డ్రైవరుగారికి కొత్త తొడుగుతో కాలిచ్చాం. కమ్మీల మధ్య నడిపించి, తీయించి, చర్మం చూశాను. ఎముక దగ్గర కొంచెం ఎర్రబడింది, చూస్తూ చూస్తూ ఉండగానే మామూలు రంగుకి వచ్చేసింది. మళ్ళీ నడిపించాను, మళ్ళీ చూశాను.

"నొప్పి?"

"లేదు."

"నిజంగా?"

"లేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు! ఎన్నిసార్లడుగుతావు, పోలీసులా!" అని అరిచారు. ఆ అరుపు వినడానికి ఎంత హాయిగా ఉందో. మొహమాటం ఉన్న మనిషి అలా అరవరు.

ఆయన అక్కడితో ఆగలేదు. బస్సు స్టాపు దాకా వెళ్దామన్నారు. వర్క్‌షాపు ముందే స్టాపు. నేనూ, నిచ్చెనా చెరో పక్కన నడిచాం, వెనకాల పెద్దావిడ ఖాళీ కుర్చీ తోసుకుంటూ వచ్చింది. బస్సు వచ్చింది. నడిపే అమ్మాయి మమ్మల్ని చూసి మధ్య తలుపు తీసి పలక దించబోయింది. డ్రైవరుగారు చేత్తో వద్దని సైగ చేశారు. ఆ వద్దు మాత్రం నిజమైన వద్దు. ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకున్నారు. మంచి కాలు పైకి వేశారు, తర్వాత మేం చేసిన కాలు. ఎక్కేశారు.

నడిపే అమ్మాయి వెనక సీట్లో కూర్చుని, బస్సు అద్దాలన్నీ ఒకసారి చూసుకున్నారు, ఆయనే నడపబోతున్నట్టు. తర్వాత మా వైపు చూడటం కూడా మర్చిపోయారు. బస్సు వెళ్ళిపోయింది. నిచ్చెన ఏడుస్తున్నాడు. అంత ఎత్తులో ఏడిస్తే ఊరంతటికీ కనిపిస్తుందిరా అన్నాను.

పెద్దావిడ ఖాళీ కుర్చీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

నవంబరు 27

పెద్దావిడ పిలిచింది. కూర్చోమంది. ఆవిడ కూర్చోమనడం ఇదే మొదలు, కొంప మునిగిందనుకున్నాను.

"కాళ్ళు తీసుకెళ్ళి ఇంట్లో మూల పెట్టేసినవాళ్ళు మనకి చాలామంది ఉన్నారు. మనసు ఒప్పలేదని రాసేశాం. అందరినీ ఒక్కసారే అడిగి ఉంటాం. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని మళ్ళీ అడిగే మనిషి కావాలి. అడిగి వచ్చి, ఇక్కడ ఆ తొడుగు సరిచెయ్యాలి. దానికోసం రెండో చోటు ఇమ్మని కాలేజీ వాళ్ళనడిగాను."

నేను కుర్చీ అంచుకి జరిగాను.

"కుదరదన్నారు" అంది.

"అవునండీ, నాతోనూ అలాగే..."

"మళ్ళీ అడిగాను." ఆవిడ మొహంలో నవ్వు లాంటిది ఏదో వచ్చింది. "మూడోసారికి ఒప్పుకున్నారు. తిరుగుడు ఎక్కువ, ఊరంతా తిరగాలి. నీకు కావాలా?"

"మీకు ఇబ్బంది లేకపోతే" అన్న మాట పళ్ళ వెనక నిలబడి ఉంది. మింగేశాను.

"కావాలి."

"సరే" అంది. ఎప్పట్లాగే లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చింది. కళ్ళజోడు సరిచేసుకుని నా మొహంలోకి చూసింది.

"నిజంగానా?"

"నిజంగానేనండీ."

అప్పుడు వెళ్ళింది. ముందు నిచ్చెనకి చెప్పాను, వాడు నన్నెత్తి పై అరలో కూర్చోబెట్టినంత పని చేశాడు. తర్వాత ఫోన్‌లో పిన్నికి. "అడిగావా మరి!" అంది, అడగమన్నది మొదటి నుంచీ తనే అయినట్టు. అమ్మకి కూడా నేనే చెప్పాను ఈసారి.

నవంబరు 28

పండగ చేసుకుందామని గిన్నెడు కూర వండాను. వాసనకి రూమ్మేటు వంటింట్లోకి వచ్చింది.

"తింటావా?" అన్నాను.

"వద్దులే, ఇప్పుడే తిన్నాను" అంది.

సరే అని మూత పెట్టబోయి తల తిప్పి చూశాను. వెళ్ళలేదు. చేతులు వెనక పెట్టుకుని, నవ్వాపుకుంటూ నిలబడి ఉంది. వెనక నుంచి చెంచా కనిపిస్తోంది.

మళ్ళీ అడిగాను.